తొట్టికి పట్టిన తుప్పు

చి.సౌ. అర్చనకు నాయన ఆశీస్సులు. ఇచ్చట అందరమూ కుశలమే.

మన పాత పికప్ బండిని తుక్కుకు అమ్మివేయమని వ్రాసితివి. నిన్న గోరంట్ల మెకానిక్ చౌడప్పకు చూపితిని. "ఇంజను గట్టిగుండాది సామీ. ఎనకాల తొట్టే జల్లెడైపోయినాది. వాన రాని సీమలో ఇంత తుప్పు యాడిది?" అని నవ్వెను. కరవు మూడేండ్లూ నీవు డ్రమ్ములతో ఊరికి నీళ్లు తోలితివి గదా, ఆ తొణికిన నీటి తుప్పే అది అని అతనికి చెప్పితిని. చెప్పుచుండగానే నిశ్చయమైనది: బండిని అమ్మను.

మూలవిగ్రహమును కదపక గుడిని జీర్ణోద్ధరణ చేసినట్లు, ఇంజను ముట్టక తొట్టికి కొత్త రేకు వేయించెదను. రంగు పాత నీలమే.

ఆర్.సి. పుస్తకము నీ బీరువాలో వెదకి పంపుము. పాపకు దగ్గు తగ్గినదా? ఆయుధపూజనాడు చక్రముల క్రింద నిమ్మకాయలు నేను పెట్టెదను. బండి ఎక్కి తొక్కించవలసినది నీవే.

సకల శుభములు కలుగుగాక.
నాయన