దొరసానమ్మ అడిగిన మాట

మండపేట,
1896 ఆగస్టు 5.

ప్రియమైన మీకు, దేవకుమారి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నా ఎడమ పిక్క మీద నీలి నరాలు వానపాముల్లా ఉబ్బి మెలికలు తిరిగాయి. అత్తయ్యగారు నన్ను పడవ మీద రాజమండ్రి దొరసానమ్మ ఆసుపత్రికి తీసుకెళ్లారు. నరంలోకి సూదితో మందు ఎక్కిస్తారట. లాకు మూస్తే నీళ్లు పక్క కాలవకి మళ్లినట్టు, ఆ నరం మూసుకుపోయి రక్తం వేరే దారి పడుతుందట. "నరాన్ని చంపే మందు మనిషిని వదులుతుందా?" అని అత్తయ్యగారి అనుమానం.

నా అనుమానం వేరు. అక్కడ కాంపౌండరు మీ పెదనాన్నగారి అబ్బాయి యెహెజ్కేలు బావగారు. దొరసానమ్మకు తెలుగు రాదు, ఆయనే తెలుగులో చెప్పాలి. అత్తయ్యగారిని వరండాలోనే ఆపేశారు. బావగారి ఎదుట నేనేనాడూ నోరు విప్పలేదు కదా, తల ఊపుతూ కూర్చున్నాను. దొరసానమ్మ నన్ను చూసి ఏదో అడిగింది. ఆయన నా వైపు తిరగకుండానే "నో" అన్నారు. ఆ మాట నాకూ తెలుసు. నన్ను అడక్కుండా నా బదులు ఆయన కాదనడమేంటండీ?

మళ్లీ బుధవారం రమ్మన్నారు.

మీ జవాబు కోసం చూసే,
దేవకుమారి.

రామచంద్రపురం,
ఆగస్టు 8.

ప్రియమైన దేవకుమారికి,

నాకు మాస్టరు ఉద్యోగం వచ్చినప్పటి నుంచి యెహెజ్కేలన్నయ్యకు లోపల మంటగానే ఉంది. కొత్త మందు ముందుగా ఎవరి మీద ప్రయోగించి చూస్తారో నాకు తెలియదా? అయినవాళ్లమని కూడా చూడలేదన్నమాట. అన్నయ్యకు ఘాటుగానే ఉత్తరం రాశాను. వాడు జవాబిచ్చేదాకా సూది వద్దు.

నీ క్షేమం కోరే,
ఏసురాజు.

మండపేట,
ఆగస్టు 13.

ప్రియమైన మీకు,

నిన్న మళ్లీ వెళ్లాం. దొరసానమ్మ అదే మాట ఇంకా పొడుగ్గా అడిగింది. బావగారు నన్ను అడిగింది "కాలు నొప్పా అమ్మా?" అని మూడే ముక్కలు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ "నో" అన్నారు.

బయట అత్తయ్యగారు "ఏమడిగిందిరా?" అంటే, "మామూలు మాటే పిన్నీ" అని లోపలికి వెళ్లిపోయారు. మామూలు మాటకి చెవులు ఎర్రబడతాయా?

వచ్చే బుధవారమే సూది. మీరు వద్దంటారు. అత్తయ్యగారేమో, "నడవలేని కోడలు నాకెందుకే, పొడిపించుకో" అంటున్నారు. నాకు భయంగా ఉందండీ.

మీ,
దేవకుమారి.

మండపేట,
ఆగస్టు 20.

ప్రియమైన మీకు,

మీ జవాబు అందేలోగానే బుధవారం వచ్చింది. సూది నా కాలికి జానెడు దూరంలో ఆగింది. దొరసానమ్మకు ఏం తోచిందో, బావగారిని బయటికి పంపేసింది. నా వైపు తిరిగి రెండు చేతులూ ఉయ్యాలలా ఊపి, కనుబొమలు ఎత్తింది.

అప్పుడు తెలిసింది, ఇన్నాళ్లూ ఏమడిగిందో. తల ఊపాను. మూడు వేళ్లు చూపాను.

ఆవిడ మందు పారబోసి బావగారిని పిలిచి గట్టిగా కేకలేసింది. ఆయన గోడ వైపు తిరిగి నాతో, "తమ్ముడి భార్యను ఆ మాట ఎలా అడగనమ్మా? ఉంటే పిన్ని ఈపాటికి ఊరంతా చాటేది కదా అని లేదనేశాను. నాదే బుద్ధి తక్కువ" అన్నారు. కడుపుతో ఉన్నందుకే నరాలు అంతగా ఉబ్బాయట. కాన్పు అయ్యేదాకా సూది వద్దట. పిక్కకు పట్టీ కట్టి పంపారు.

ఆయన తప్పు సగమే. మూడో నెల అని మీకూ అత్తయ్యగారికీ చెప్పడానికి సిగ్గుపడి దాచింది నేను. ఆయనకు మరో ఉత్తరం రాయండి, మెత్తగా.

ఇంతవరకు రాశానో లేదో, అత్తయ్యగారు "ఏం రాశావే, చదువు" అన్నారు. మొదటి నుంచీ చదివాను. మూడో నెల దగ్గర తలెత్తి చూస్తే ఎదురుగా ఆవిడ లేరు. పక్కింటి రత్నమాణిక్యం గారి గుమ్మంలో నుంచి ఆవిడ గొంతు వినబడుతోంది.

త్వరగా రండి.

మీ,
దేవకుమారి.