ముప్పై ఒకటో గింజ

రేపల్లె,
14-2-1971.

నాగూర్‌బీకి, చిన్నప్పుడు ఖురాను చెప్పిన మీ ఓస్తాదమ్మ ఇమాంబీ సలాములు. నీ మీదా, మీ ఆయన మీదా, పిల్లల మీదా అల్లా చల్లని చూపు ఉండాలి. నేను కులాసాగానే ఉన్నాను, మోకాళ్ళ సంగతి మాత్రం అడక్కు.

పన్నెండేళ్ళ తర్వాత ఈ ముసల్దానికి నేనెందుకు గుర్తొచ్చానా అనుకుంటున్నావు కదూ. బాపట్లలో మీ వసారాలో పాతికమంది ఆడపిల్లలకు ఖురాను చెబుతున్నావని మీ పెద్దమ్మ అంది. విన్నప్పటినుంచీ నాకు సంతోషంగానూ ఉంది, కడుపులో మంటగానూ ఉంది. దాచడమెందుకు.

పోయిన నెల తెనాలిలో మా తమ్ముడి మామగారు పోయిన నలభయ్యో రోజుకి వెళ్ళాను. భోజనాలకు ముందు ఒక హాఫిజ్‌గారు, ఖురానంతా కంఠస్థం వచ్చినాయన, అందులోని రహ్మాన్ సూరా చదివారు. ఆడవాళ్ళం తెర వెనక కూచున్నాం. మీ ప్రభువు వరాల్లో దేన్ని కాదంటారని అందులో ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది కదా. అలవాటు కొద్దీ అది వచ్చినప్పుడల్లా తస్బీలో ఒక పూస జరుపుతూ పోయాను. ముప్పై ఒకటి వచ్చింది. నేను మీ అందరికీ నేర్పింది ముప్పై.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. మా తమ్ముడి చేత హాఫిజ్‌గారిని రెండుసార్లు అడిగించాను. ముప్పై ఒకటేనండి, అందులో అనుమానమేంటి అన్నారట.

మన పిల్లలు ముప్పై చింతగింజలు ముందు పోసుకుని, ఆ మాట వచ్చినప్పుడల్లా ఒకటి పక్కకు జరిపేవాళ్ళు. గింజలు అయిపోతే పాఠం వచ్చినట్టు. ఆ ఏడు వేసవి సెలవుల్లో నువ్వు మీ మేనమామ దగ్గర అరబ్బీ అక్షరాలు దిద్దుకుని వచ్చావు. వచ్చిన మర్నాడే ముప్పై ఒక్క గింజలు పెట్టుకున్నావు. ఒకటి ఎక్కువైందే అన్నాను. కాదండి, మనం ఒక వాక్యమూ, దాని వెనక వచ్చే ఈ మాటా దాటేస్తున్నామండి అన్నావు. పుస్తకం నా ముందుకు జరిపి వేలు పెట్టి చూపించావు. పదకొండేళ్ళ పిల్లవి.

నేనేం చేశానో నీకు తెలుసు. ఆ గింజ తీసి వీధిలోకి విసిరి, రేపట్నుంచి రావద్దన్నాను. ఖురాను ముప్పై భాగాల్లో నీకు ఇంక మూడే మిగిలున్నాయి. చదువు పూర్తయిన రోజున పంచడానికి మీ అమ్మ అప్పటికే బెల్లం తెచ్చిపెట్టుకుంది. మూడుసార్లు వచ్చి బతిమాలింది. పిల్లకి పొగరు, అణగాలి అన్నాను. పోయేదాకా ఆవిడ నాతో మాట్లాడలేదు. తప్పు నాది నాగూర్‌బీ. పెద్దదాన్నయినా నిన్ను క్షమించమని అడుగుతున్నాను.

ఇప్పుడు నా దగ్గర ఏడుగురున్నారు. అందులో పెద్దది జాన్‌బీ వచ్చే నెల పూర్తి చేస్తుంది. దానికీ ముప్పయ్యే చెప్పాను. పెళ్ళిళ్ళయి కొల్లూరు, వేటపాలెం వెళ్ళినవాళ్ళు తమ పిల్లలకీ అలాగే చెబుతుంటారు. అల్లా మాటలో ఒక వాక్యం నా మూలాన ఇన్ని ఇళ్ళల్లో వినపడకుండా పోయింది. అది తలుచుకుంటే నమాజులో మనసు నిలవడం లేదు. నువ్వొచ్చి అదెక్కడుందో జాన్‌బీకి చెప్పాలి. మిగతావాళ్ళకు నేనే ఉత్తరాలు రాస్తాను. నీ మూడు భాగాలు కూడా నా ముందు కూచుని చదువు. బెల్లం నేను పంచుతాను. ఆదివారం పొద్దుటి బస్సుకి రా.

నీ రాక కోసం చూస్తుండే
ఇమాంబీ

తా.క.: పైన నీకు పొగరని పంపించానన్నట్టు రాశాను. అది నిజం కాదు. నువ్వు వేలు పెట్టిన చోట నేను చూశాను గానీ చదవలేదు. నాకా అక్షరాలు రావు. తెలుగు మూడో తరగతి దాకా చదివాను గనక ఈ ఉత్తరం రాస్తున్నాను, అంతే. మా నాయన మగపిల్లలకు పాఠం చెబుతుంటే గోడకివతల దూది ఏకుతూ విని నేర్చుకున్నదే నా ఖురాను. పుస్తకం తెరిచి వేలు జరిపేది మీరు చూస్తారని. ఇంకోచోట వేలు పెట్టి ఇదేంటండి అని అడుగుతావేమోనని ఆ రోజు భయపడ్డాను. మా ఆయన కూడా ఈ సంగతి తెలియకుండానే వెళ్ళిపోయాడు, నీకే చెబుతున్నాను. వచ్చేటప్పుడు అలిఫ్, బే దిద్దే పుస్తకం ఒకటి తీసుకురా. పలక కొని పెట్టాను. ఎవరికని పిల్లలు అడిగితే, కొత్తగా చేరే పిల్లకని చెప్పాను.