నలుగురం తిన్న బల్ల

వెండెల్,

నీ మేనల్లుడి మోచేతిని అమ్ముకున్నది నువ్వే.

ఆదివారం భోజనంలో గ్రాంట్ ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుంటే వాళ్లమ్మ లొరెట్టా అడిగింది: "ఏరా, చెయ్యి నొప్పా?"

"మోచెయ్యి పట్టేసిందమ్మా. బయట అనకండి, ఫైనల్స్‌లో నాచేత బంతి వేయించరు."

జట్టు డాక్టరుకి కూడా చెప్పని మాట అది. తెల్లారేసరికి కప్పు ఎవరిదో పందాలు కాసే ఆ యాప్‌లో మన జట్టు ఓడుతుందని ఎవరెవరో ఎగబడి కాశారు. గెలుపు అవకాశం అరవై శాతం నుంచి నలభైకి పడింది.

"అది జూదం కాదక్కా, జనం తెలివి. నీకు తాగే సూపులో కూడా దోపిడీయే కనిపిస్తుంది" అని ఫోన్లో నవ్వావు. ఏ జనం, తమ్ముడూ? ఆ బల్ల దగ్గరున్నది నలుగురం. అందులో ఆ యాప్ ఉన్నది నీ ఒక్కడికే. జూదానికి తెలివి అని పేరుపెట్టి అమ్మే కంపెనీల సంగతి తర్వాత తేలుస్తాను. ముందు నీ సంగతి.

గ్రాంట్ తల్లినే అనుమానిస్తున్నాడు. ఆమె ఫోన్ ఎత్తడం మానేశాడు.

కాబట్టి నువ్వు చేయాల్సినవి:

ఆ ఖాతా మూసెయ్.

లీగ్ వాళ్లు విచారణకొస్తే నిజం చెప్పు.

అంతకంటే ముందు, ఇవాళే గ్రాంట్‌కి ఫోన్ చేసి "బయటపెట్టింది నేను, మీ అమ్మ కాదు" అను.

అనేదాకా ఆ బల్ల దగ్గరికి రాకు.

అక్క