కత్తి మీద మిగిలిన వేలిముద్ర

వీణా,

వంటింటి కిటికీకి వేలాడుతున్న కత్తిని, అదే ఎల్లేష్ సినిమాలో చూసి చేయమన్నదాన్ని, వట్టి చేత్తో ముట్టుకోకు. ఇనుమును నల్లగా మార్చే మందు ఇంకొక పూత వేయాలి. చేతి జిడ్డు తగిలినచోట అది పట్టదు. సినిమాలో ఉన్నట్టే అంతటా ఒకే నలుపు రావాలని ఎల్లేష్ పట్టు. నాలుగింటికి వస్తే, రేపు ఇస్తానన్నానని చెప్పు. "ఏంది వదినా, ఒక్క కత్తికి ఇన్ని దినాలా" అని లొల్లి చేస్తాడు. ఛాయ్ ఇస్తే ఊరుకుంటాడు.

ఆలస్యానికి కారణం నువ్వే. మొదట చేసిన కత్తికి పిడి దగ్గర బొటనవేలంత తెల్లటి మచ్చ మిగిలింది. మందు పూయకముందు, ఆదివారం, నువ్వు దాన్ని పట్టుకుని "గిదేంది, దీంతోని ఉల్లిగడ్డ గూడ తెగది" అని నవ్వావు కదా, ఆ వేలిదే. స్టీలు పీచుతో రుద్ది మళ్లీ పూస్తే అరగంటలో పోయేది. పీచు చేతిలోకి తీసుకుని, రుద్దకుండానే పక్కన పెట్టేశాను.

నీకు నైట్ డ్యూటీలు పడ్డాక, ఈ ఇంట్లో నువ్వు ఉన్నావని నాకు తెలిసేది కడిగిన గ్లాసు, తడి తువ్వాలు చూసే. కాసేపటికి అవీ ఆరిపోతాయి. ఈ మచ్చ ఆరలేదు. అందుకే ఎల్లేష్‌కి ఇంకో కత్తి మొదలుపెట్టాను.

కుక్కర్‌లో అన్నం ఉంది. తిని పడుకో.

కృపాకర్

గ్లౌజులు ఉతికి తీగ మీద వేశాను. బీరువా మీదున్న మచ్చ కత్తిని పట్టుకోవడానికి మాత్రం అవి వేసుకోకు.