నా ఏడుపు

మార్చి 3, 2024. నంద్యాల

పొద్దున నా భార్య ఎలిజబెత్ పోయింది. కాఫీ తీసుకెళ్లి లేపాను. లేవలేదు.

మార్చి 4

పాస్టరు వాక్యం చదివాడు. పెట్టెను గుంతలోకి దించారు. అంతవరకూ ఆపుకున్నాను. మొదటి పిడికెడు మట్టి పడిన చప్పుడుకు నావల్ల కాలేదు. పెదవి వంకర పోయింది. గొంతులోంచి మేక అరుపులాంటిది వచ్చింది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. పాస్టరు బైబిలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

మా అమ్మాయి లూదియా వాళ్ల మీదికి పోబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. వాళ్ల తప్పేముంది? బతుకంతా నేను అమ్ముకున్నది ఆ ఏడుపే.

మార్చి 6, మధ్యాహ్నం

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పాత సంగతులన్నీ గుర్తొస్తున్నాయి.

ఇక్కడ నాటకాలు ఆడి మద్రాసు పోయాను. మొదటి సినిమాలో నౌకరు వేషం. యజమాని కొడితే ఏడవాలి. అప్పటికి తిండి తిని రెండు రోజులైంది, నిజంగానే ఏడ్చాను. సెట్లో అందరూ పడి పడి నవ్వారు. డైరెక్టర్ ఇంకో టేక్ అడిగాడు.

ఇక ప్రతి సినిమాలోనూ నౌకరునే, లేకపోతే దొంగ సాధువుని. పోస్టర్ మీద నా పేరు ఎప్పుడూ లేదు. నేల టికెట్ వాళ్లే పెట్టారు, ఏడుపు ప్రభుదాసు అని. మా నాయన పోయిన రోజు కూడా షూటింగ్ ఉండింది. ఆ రోజు ఇంకా బాగా నవ్వారు.

కలర్ సినిమాలతో కొత్త కమెడియన్లు వచ్చారు. నన్ను పిలిచేవాళ్లు లేక నంద్యాలకు తిరిగొచ్చాం.

ఎలిజబెత్ నా సినిమాలు చూసేది కాదు. ఒకసారి ఎందుకని అడిగాను.

"నువ్వు ఏడుస్తాంటే అందరూ నవ్వుతాండారు. ఆడ నేనెట్ల కూర్చునేది?" అంది.

మార్చి 19. ఆళ్లగడ్డ

లూదియా ఫోన్లో చెప్పి చేయిస్తున్న సమాధి రాయి చూడ్డానికి ఇద్దరం వచ్చాం. శిల్పి ఈశ్వర్ నన్ను చూడగానే గుర్తుపట్టాడు. వాళ్ల నాయనకు నేనంటే ప్రాణమట. టీ తెప్పించాడు. ఒక్కసారి ఆ ఏడుపు ఏడ్చి చూపించమన్నాడు. లూదియా వద్దంది. నేను మొదలుపెట్టాను. అలవాటు కదా.

సగంలో, రాయి మీద సుద్దతో రాసిన ఎలిజబెత్ పేరు కనబడింది. ఇక ఆపలేకపోయాను.

ఈశ్వర్ కాసేపు నవ్వాడు. తర్వాత రాయి కోసే మిషన్ ఆపించి దగ్గరికొచ్చాడు.

"తప్పయిపాయ పెద్దాయనా. నాకు తెలీలే."

పాపం, ఎట్లా తెలుస్తుంది? రెండింటికీ ఉన్నది ఒకటే ముఖం.

ఏప్రిల్ 9. నంద్యాల

రాయి నిలబెట్టారు. చర్చి వాళ్లంతా వెళ్లారట. నేను మోకాళ్ల నొప్పి అని ఇంట్లోనే ఉన్నాను.

ఏప్రిల్ 10

మిట్టమధ్యాహ్నం ఎండకు సమాధుల తోటలో ఎవరూ ఉండరు. ఆటోలో ఒక్కణ్ణే పోయాను. బిగ్గరగా ఏడ్చాను.