మనవరాలి సీటు సంగతి

అబ్బాయికి, నేనూ పిల్లా పట్నం చేరాం, ఇద్దరం కులాసా. కంగారుపడకు.

కాలేజీల సలహా చెప్పే ఆయన్ని కలిశాం. మన పిల్ల మార్కులు చూసి, నువ్వు కోరిన పెద్ద ఇంజనీరింగు కాలేజీలో సీటు కష్టమేనన్నారు. దరఖాస్తులో ఇంకే కాలేజీలు రాస్తారని అడిగారు. పదిచోట్ల అడగడం మర్యాద కాదనుకుని, "ఒక్కటి చాలండి" అన్నాను.

"ఇదేమన్నా పెళ్లిసంబంధమా తాతగారూ? పది గడపలూ తొక్కండి. ఎక్కడో ఒకచోట తప్పక వస్తుంది" అన్నారాయన. పిల్ల ఫక్కున నవ్వింది. బయటికొచ్చాక మాత్రం, "నాన్నకెలా చెప్పను తాతా?" అంటూ మెట్లమీద కూలబడి ఏడ్చింది.

వంటింట్లో కుళాయి కారడం ఆగిందా? నా ఉన్ని చొక్కా ఎవరిచేతైనా పంపు. కోడలికి ఆశీస్సులు.

పిల్ల ఇంటికొచ్చాక ఆ పెద్ద కాలేజీ ఊసెత్తకు. ఎత్తవని నీ తరఫున నేనే దానికి మాటిచ్చేశాను, నిలబెట్టు.

నాన్న