నా బిందె చూసి

జూన్ 4
మా కుళాయి నీళ్లొచ్చే ఏటికి ఎగువన ఉన్న ఫ్యాక్టరీలో ట్యాంకు పగిలిందట. కెమికల్ నీళ్లలో కలిసిందట. స్టవ్ ఆపానా లేదా అని లేచి లేచి చూశాను. స్టవ్‌కీ దానికీ ఏం సంబంధమో!

జూన్ 6
మైకు ఆటో తిరిగింది. నీళ్లకేం ప్రమాదం లేదు, తాగండి అంది. ఎదురింటి టైలరు నమ్మలేదు. అప్పట్లో ఆ ఫ్యాక్టరీ పొగ కమ్మినప్పుడూ ఇదే పాట పాడారు, తర్వాత దగ్గలేక చచ్చాం అన్నాడు. నేను మాత్రం కుళాయి కింద బిందె పెట్టాను. మా అమ్మాయి పనిచేసేది నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్‌లో. అది బాగున్నాయంది. కన్నకూతుర్ని నమ్మక ఇంకెవర్ని నమ్మను?

జూన్ 7
కుళాయి దగ్గర మళ్లీ లైను. టైలరు కూడా! నా బిందె చూపించి, మబ్బు లేకపోయినా పిడుగు పడుతుందని లోపలికి పరిగెత్తే పిన్నిగారే పట్టుకుంటుంటే మనకేంటి భయం అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నా పిరికితనం కూడా పదిమందికి పనికొచ్చిందని, నిజం చెప్పొద్దూ, కాస్త గర్వంగానే ఉంది. కింది వాటా పిల్లతల్లి పాపకి డబ్బాపాలు కలపడానికి ఇవే పట్టుకెళ్లింది.

జూన్ 9, సాయంత్రం
అమ్మాయి చెప్పులైనా విడవకుండా, ఆ నీళ్లు తాగకమ్మా అంది. రెండో శాంపిల్ బాలేదట. కాచినా పోదట. మరి వీధిలో వాళ్లో అన్నాను. ఇంకోసారి టెస్ట్ చేసేదాకా నోరు మెదపొద్దన్నాడట ల్యాబ్ పెద్దసారు, జనం కంగారుపడతారని. బయటికి పొక్కితే నా ఉద్యోగం ఊడుతుంది, నీకు దండం పెడతా అంది. ఇల్లు గడిచేది దాని జీతంతోనే.
కింద పాప ఏడుస్తోంది. ఆకలికే అయ్యుంటుంది. ఆకలికేనా?

జూన్ 10
నా వంతు వచ్చింది. బిందె పెట్టలేదు. ఏంటి పిన్నిగారూ, మళ్లీ పిడుగా అన్నాడు టైలరు. నవ్వు రాలేదు. పాపకి ఇవి పట్టకమ్మా అన్నాను పిల్లతల్లితో. ఎవరు చెప్పారు అంది. ఖాళీ బిందె చంకకెత్తుకున్నాను. మా అమ్మాయి ఎక్కడ పనిచేస్తుందో అందరికీ తెలుసు. ఒక్కొక్కరే నీళ్లు పారబోశారు.

జూన్ 11
అమ్మాయి నాతో మాట్లాడటం లేదు.

జూన్ 12
మైకు మళ్లీ వచ్చింది, పుకార్లు నమ్మొద్దని. వీధి వీధంతా ల్యాబ్ గేటు దగ్గరికి పోయింది. టెస్ట్ చేసిన మనిషే వచ్చి చెప్పాలని కూర్చున్నారట. మా అమ్మాయే బయటికొచ్చిందట. నీళ్లు బాలేవు, ఎప్పటికి బాగవుతాయో నాకూ తెలీదు అందట. తెలీదని చెప్పిన మనిషిని ఇన్నాళ్లకి చూశాం పిన్నిగారూ, అందుకే నమ్మాం అన్నాడు టైలరు.

జూన్ 14
అమ్మాయిని ఇక పనికి రావద్దన్నారు. వీధిలోకి ట్యాంకర్ వచ్చింది. అమ్మాయి పట్టి తెచ్చింది. గ్లాసు నా చేతికిచ్చి, తాగమ్మా అంది.
మంచివేనా అని అడగలేదు. తాగేశాను.